విచారణ నివేదికలు వెలుగు చూడాలి
(దేవరాపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు అప్పును వ్రాతపూర్వకంగా నమోదు చేసుకోవడాన్ని గురించినది. అప్పుకే పత్రమూ సాక్షులూ ఉండాలన్న ధర్మం మనది. అలాంటప్పుడు ప్రాణాలు పోయిన ఘటనలపై ప్రభుత్వమే వ్రాయించిన పత్రాలను చూపమని అడగడం మన హక్కు, మన బాధ్యత.

2007 మే 18, శుక్రవారం, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. ఆపై జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. పేలుడు కేసులో విచారణను ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. జస్టిస్ భాస్కరరావు కమిషన్ 2010లోనే నివేదిక సమర్పించినా, ఏళ్ళ తరబడి అది శాసనసభ ముందుకు రాలేదు.

హైదరాబాదు సంగతి దేవరాపల్లిలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 2007లో రాష్ట్రం ఒక్కటే. ఆ కమిషన్‌ను వేసిన ప్రభుత్వం మన ఓట్లతో ఏర్పడినదే.

చట్టం లేక కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం 3(4) సెక్షను ప్రకారం, నివేదిక అందిన ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల వివరాలతో సహా దానిని చట్టసభ ముందు ఉంచాలి. ఉంచకపోతే ఏమిటన్నది మాత్రం ఆ సెక్షను చెప్పదు. సమాచార హక్కు చట్టం ఇరవై ఏళ్ళు దాటిన ఘటనల సమాచారం ఇవ్వాలంటుంది; కాని సభాహక్కులకు భంగం కలిగే సమాచారానికి అక్కడా మినహాయింపు ఉంది. కనుక సభలో పెట్టని నివేదికను, సభలో పెట్టలేదన్న కారణంతోనే మనకు నిరాకరించే వీలున్నది. తాళం వేసినవారి చేతిలోనే తాళంచెవి కూడా ఉన్నదన్నమాట.

1948 పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానంలో జరిగిన హింసపై పండిత్ సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. మృతులు 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చని అందులోని అంచనా. ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల ప్రస్తావనా అందులో ఉంది. దాచినందువల్ల నేరంతోపాటు ఆ మంచితనమూ మరుగున పడింది.

అమెరికాలో నల్లజాతివారిపై జరిగిన, తేలకుండా మిగిలిన నేరాల రికార్డులను విడుదల చేయడానికి 2019 జనవరిలో ఒక చట్టం వచ్చింది. దాని తొలి ముసాయిదాకు పూనుకున్నవారు న్యూజెర్సీలోని ఒక హైస్కూలు విద్యార్థులు. 1940 నుండి 1979 వరకు గల కేసుల కాగితాలు జాతీయ అభిలేఖాగారానికి చేరాలి. వెల్లడించడమే నియమం, దాచదలిస్తే కారణం చూపాలి. ఆ కారణాన్ని పరిశీలించేది స్వతంత్ర మండలి.

మేము ఫైళ్ళ మధ్య ఉద్యోగం చేసినవాళ్ళం. ఫైలు మీద ‘ఆర్.డిస్.’ అని వ్రాస్తే శాశ్వతంగా భద్రపరుస్తారు, ‘ఎల్.డిస్.’ అని వ్రాస్తే ఏడాది తరువాత తీసివేయవచ్చు. ఒక్క అక్షరంతో ఒక కుటుంబపు సాక్ష్యం చెత్తలో కలిసిపోవచ్చు. అందుకే మేము రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరేది నాలుగు సంగతులు: పౌరహక్కుల కేసుల రికార్డులను నాశనం చేయరాదు. ఆరు నెలలు దాటినా సభలో పెట్టని నివేదిక దానంతట అదే బహిరంగం కావాలి. దాచవలసిన భాగమేదో స్వతంత్ర మండలి నిర్ణయించాలి. సాక్షుల పేర్లకు రక్షణ ఉండాలి.

ఇది ఏ మతానికో వ్యతిరేకమైన కోరిక కాదు. కారంచేడు, చుండూరు దళిత కుటుంబాలకూ ఇంతే అవసరమైన చట్టమిది. వారితో కలిసి అడుగుదాం. మన శాసనసభ్యునికి వినతిపత్రం ఇద్దాం. ఇచ్చినట్లు రసీదు తీసుకుందాం. మన ఇళ్ళలోని ఎఫ్.ఐ.ఆర్. నకళ్ళు, ఆసుపత్రి చీటీలు, పాత దరఖాస్తులు పారవేయకుండా పిల్లలకు చూపించి భద్రపరుద్దాం. అడిగే రోజు వచ్చినప్పుడు మన చేతిలోనూ కాగితం ఉండాలి.