కాలు జారిందా, నేల జారుడుగా ఉందా?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో రెండు రోజులుగా మనోవర్తి గురించి, గృహహింస చట్టం గురించి, ఆస్తిహక్కు గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు నేను హోటల్లో కాలు జారి పడితే చట్టంలో ఉన్న దారుల గురించి మాట్లాడతానని చెప్పగానే మీలో కొందరు నవ్వుకున్నారు. ఇది కూడా స్త్రీల సమస్యేనా అని నేనూ చాలాకాలం అనుకున్నాను.

ముందు మన భాషను చూద్దాం. మగవాడు పడితే 'పడ్డాడు' అంటాం. ఆడమనిషి 'కాలు జారింది' అంటే దానికి ఇంకో అర్థం కూడా ఉంది. అదేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ మాటలో తప్పంతా కాలిదే, అంటే ఆ మనిషిదే. నేల ఎలా ఉందో, దాన్ని అలా వదిలేసిందెవరో ఎవరూ అడగరు. చట్టం అడిగే మొదటి ప్రశ్న మాత్రం సరిగ్గా అదే. ఆ నేల ఎవరి అధీనంలో ఉంది? దాన్ని సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత ఎవరిది?

నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక సదస్సు కోసం ఒక జిల్లా కేంద్రానికి వెళ్లి అక్కడి హోటల్లో దిగాను. ఉదయం ఏడు గంటలకు గది తలుపు తీసి వరండాలో అడుగు పెట్టాను. నున్నటి గ్రానైటు, దాని మీద ఫినాయిల్ నీళ్లు. బోర్డు లేదు, కనీసం ఒక కుర్చీ అయినా అడ్డం పెట్టలేదు. వెల్లకిలా పడ్డాను. కుడిచేతి మణికట్టు విరిగింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి అన్న మొదటి మాట, "చూసుకుని నడవాలి కదా మేడమ్." నేనన్న మొదటి మాట, "నాదే పొరపాటులెండి." స్త్రీలు తమను తామే నిందించుకోవడం గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్న మనిషిని నేను! ఆ తర్వాత ఆయన ఒక కాగితం తెచ్చి, ఫిర్యాదు ఏమీ లేదని రాసి ఉన్నదాని కింద సంతకం పెట్టమన్నాడు. ఎడమచేత్తో పెట్టాను.

అక్కడితో అయిపోలేదు. నేల తుడుస్తున్న ఆమెను పిలిచి నా ముందే తిట్టాడు. జీతంలో కోస్తానన్నాడు. నేను కేసు పెడితే ఆమె పని పోతుందేమోనన్న భయంతో ఊరుకున్నాను. అది సంఘీభావమనే అనుకున్నాను. సాయంత్రం బయల్దేరేటప్పుడు ఆమె నా సంచి మోసుకొచ్చి, మెల్లగా చెప్పింది. రెండు నెలల క్రితం అదే వరండాలో తనూ పడిందట. నడుం పట్టేసి పన్నెండు రోజులు ఇంట్లో ఉంటే, ఆ పన్నెండు రోజుల కూలీ కాంట్రాక్టరు ఇవ్వలేదట. "మాకు పట్టీలున్న చెప్పులు అడిగామమ్మా, ఇవ్వలేదు" అంది.

ఒకే నేల మీద ఇద్దరం పడ్డాం. నా మౌనం ఆమెకు ఏ మేలూ చెయ్యలేదు. మేలు జరిగింది యాజమాన్యానికే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. పడ్డ అతిథికీ, అక్కడ పనిచేసే స్త్రీకీ చట్టంలో దారులు వేరు. కానీ బాధ్యుడు ఒక్కడే, ఆ నేలకు యజమాని.

మొదట అతిథి సంగతి. మన హోటళ్లంటే నక్షత్రాల హోటళ్లే కావు. చేతులు కడుక్కునే చోట ఎప్పుడూ తడిగా ఉండే టిఫిన్ హోటలు, బస్టాండు పక్క లాడ్జి, పెళ్లిళ్లు జరిగే హోటలు హాలు అన్నీ వస్తాయి. డబ్బు చెల్లించి సేవ పొందే వారంతా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారు. 1986 నాటి పాత చట్టం స్థానంలో ఇది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. నేలను సురక్షితంగా ఉంచకపోవడం సేవాలోపమని వాదించవచ్చు.

ఇక్కడ స్త్రీలకు ముఖ్యమైన అంశం ఒకటుంది. "బిల్లు మా ఆయన పేరున ఉంది, నేనెలా వేస్తాను" అని చాలామంది అడుగుతారు. డబ్బు కట్టిన వ్యక్తి అనుమతితో ఆ సేవను వాడుకున్న వ్యక్తి కూడా వినియోగదారే. భార్య, తల్లి, కూతురు తన పేరు మీదే ఫిర్యాదు వేయవచ్చు. రెండో వెసులుబాటు, మీరు పడ్డ ఊరికే వెళ్లి కేసు వేయాల్సిన పని లేదు. తిరుపతిలో పడ్డ ఖమ్మం మనిషి తానుండే ఖమ్మం జిల్లా కమిషన్లోనే వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్లో ఫీజు లేదు. అడిగే పరిహారం ఎంతైనా, లెక్కకు తీసుకునేది చెల్లించిన మొత్తాన్నే. లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

రెండో దారి సివిల్ కోర్టులో నష్టపరిహార దావా. డబ్బు చెల్లించకుండా హోటలుకు వెళ్లినవారికి, ఉదాహరణకు ఎవరినో కలవడానికి వచ్చి పడ్డవారికి, మిగిలేది ఇదే. ఇంగ్లండులో ఆవరణల యజమానుల బాధ్యతకు 1957 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. మన దగ్గర అటువంటిది లేదు. నిర్లక్ష్యానికి సంబంధించిన సాధారణ సూత్రాల మీదే దావా నడుస్తుంది. జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఉందని, దాన్ని తప్పారని, అందువల్లే గాయమైందని మూడూ రుజువు చేయాలి. కొన్నిసార్లు జరిగిన సంఘటనే నిర్లక్ష్యానికి సాక్ష్యమవుతుంది. ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలిన కేసులో 1966లో సుప్రీంకోర్టు, దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన మునిసిపాలిటీదే బాధ్యత అంది.

ఈ దారి ఎంత పొడవో కూడా తెలియాలి. 1972లో ఢిల్లీలోని ఒబెరాయ్ ఇంటర్‌కాంటినెంటల్ హోటల్లో ఈతకొలనులో దూకిన ఒక జర్మన్ విమాన సహ పైలట్ తలకు దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. ఆయన 1985లో చనిపోయాడు. 1997లో ఢిల్లీ హైకోర్టు 50 లక్షల పరిహారం ఇచ్చింది. ఎక్కువ ధర తీసుకునే హోటలుకు అతిథుల భద్రత పట్ల అంత ఎక్కువ బాధ్యత ఉంటుందని చెప్పింది. 2002లో అదే కోర్టు డివిజన్ బెంచ్ ఆ తీర్పును కొట్టేసింది. అంటే ముప్ఫై ఏళ్లు! అందుకే వీలున్న ప్రతిచోటా వినియోగదారుల కమిషన్‌నే ముందు చూడమని చెబుతాను.

"ఇక్కడ జరిగే ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అనే బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో అతిథి కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు, తాళాలు తీసుకున్నాక తన సిబ్బంది నిర్లక్ష్యానికి అలాంటి షరతు చాటున హోటలు తప్పించుకోలేదంది. కారు విషయంలో ఉన్న న్యాయం మనిషి విషయంలో ఉండొద్దా అని మనం వాదించాలి.

ఇక పనిచేసే స్త్రీ సంగతి. పనిలో గాయపడిన వారికి యజమాని తప్పు రుజువు చేయాల్సిన అవసరం సాధారణంగా లేదు. పని వల్ల, పని సమయంలో గాయమైతే చాలు. 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిశాయి. ఆ స్మృతి 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. ఈఎస్ఐ ఉన్న మనిషికి వైద్యంతో పాటు పని చేయలేని రోజులకు వేతనంలో ఎక్కువ భాగం అందుతుంది. ఈఎస్ఐ లేకపోతే యజమానే పరిహారం ఇవ్వాలి. 1923 చట్టం నుంచి వస్తున్న లెక్క చూడండి. నెలకు 10 వేలు తెచ్చుకునే 40 ఏళ్ల స్త్రీకి సంపాదన శక్తి శాశ్వతంగా 30 శాతం తగ్గిందనుకోండి. జీతంలో 60 శాతం, అంటే 6 వేలను ఆ వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చవేసి, అందులో 30 శాతం తీయాలి. 3,31,506 రూపాయలు వస్తుంది. నాకు సంచి మోసిన ఆమెకు పన్నెండు రోజుల కూలీ కూడా రాలేదు.

"నేను కాంట్రాక్టరు మనిషినమ్మా" అంటారు. కాంట్రాక్టరు చేతుల మీదుగా పని చేయించుకున్నా, పరిహారం అసలు యజమాని నుంచే అడగవచ్చు. ఆయన తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటాడు. కాబట్టి అతిథి తరఫున ఫిర్యాదు రాసేటప్పుడు ఒక వాక్యం తప్పక చేర్చండి: తడి ఆరేదాకా దారి మూసే ఏర్పాటు, బోర్డులు, సరిపడా సిబ్బంది, జారని చెప్పులు ఇవ్వకపోవడం యాజమాన్యం లోపమనీ, నేల తుడిచిన కార్మికురాలి మీద మనకు ఫిర్యాదు లేదనీ. పనిమనిషి పొరపాటు చేసినా చట్టం ముందు యజమానే జవాబు చెప్పాలి. అందుకని ఆమెను ప్రతివాదిగా చేర్చనవసరం లేదు.

పరిహారం లెక్కకు వస్తే మనకు ఇంకో అడ్డంకి ఉంది. మణికట్టు విరిగిన మగవాడు "రెండు నెలల జీతం పోయింది" అంటాడు. గృహిణిని "నీకేం పోయింది" అంటారు. రోడ్డు ప్రమాదాల కేసుల్లో, జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం మీద వచ్చిన లతా వాధ్వా కేసులో (2001) సుప్రీంకోర్టు గృహిణి శ్రమకు విలువ కట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. ఇంటి పని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 జాతీయ సర్వే లెక్కను అందులో ఉటంకించారు. అవి మరణాల కేసులే అయినా, గాయపడిన స్త్రీ తరఫున కూడా అదే తర్కం వాడాలి. పనికి పెట్టుకున్న మనిషికిచ్చిన జీతం, బయటినుంచి తెప్పించిన భోజనం, బడి మానేసి ఇంట్లో ఉండిపోయిన కూతురి రోజులు అన్నీ రాయండి. ఆ కూతురి రోజులను ముఖ్యంగా రాయండి. తల్లి చెయ్యి విరిగితే గరిట చేరేది ఆ పిల్ల చేతికే.

చివరగా ఆచరణ. 'కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం' అని సామెత. పడగానే "నాదే తప్పు" అనకండి. ఫిర్యాదు లేదన్న కాగితం మీద సంతకం పెట్టకండి. నేల ఆరకముందే ఫోటో తీయించండి. చూసినవారి పేర్లు రాసుకోండి. సిసి టీవీ దృశ్యాలను చెరిపేయకుండా భద్రపరచమని ఆ రోజే రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆస్పత్రిలో ఎక్కడ, ఎలా పడ్డారో చీటీలో రాయించండి; "ఇంట్లో పడింది" అని రాస్తే తర్వాత దిద్దడం కష్టం. గది బిల్లు, మందుల రసీదులు, వేసుకున్న చెప్పులు కూడా దాచండి, ఎందుకంటే చెప్పుల మీద ప్రశ్న తప్పక వస్తుంది. చెప్పుల వల్ల కొంత తప్పు మనదని తేలితే పరిహారం తగ్గవచ్చు గానీ, అంతమాత్రాన హక్కు పోదు. లాయరు కావాలంటే 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల సహాయానికి 1915 ఉంది.

నా కేసులో రెండేళ్లు గడిచిపోయాయి. ఆమె గడువూ దాటిపోయింది. సంతకం పెట్టిన ఎడమచెయ్యి నాదే గనుక ఈ మాట సిగ్గుపడుతూనే చెబుతున్నాను. మీరు మీ ఊళ్లకు వెళ్లాక సంఘం సమావేశంలో ఒక్కసారి అడగండి, పనిచోట గానీ హోటల్లో గానీ ఎవరైనా పడ్డారా అని. చాలా చేతులు లేస్తాయి. ఎప్పుడు పడ్డారో తేదీ అడగండి. రెండేళ్లు దాటనివాళ్ల పేర్లు ముందు రాసుకోండి.

ఇక చర్చ మీది.