గురక: పళ్ల డాక్టరు చేయగల సాయం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమంటే బీపీ, షుగర్ గురించి చెబుతానని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నేను ఎంచుకున్నది మనమంతా నవ్వుకొని వదిలేసే విషయం. అది గురక. బడిపంతులును కనుక పాఠంలాగే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నారు పెద్దలు. గురక పెట్టే మనిషిని చూసి ఎంత హాయిగా పడుకున్నాడో అంటాం. చాలామంది విషయంలో అది హాయి కాదు, గాలి కోసం పెనుగులాట.

మెలకువగా ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండి గాలి పోయే దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. కొండనాలుక, అంగిట్లోని మెత్తటి భాగం కిందికి వాలతాయి. దారి ఇరుకై, గాలి దూసుకుపోయేటప్పుడు ఆ మెత్తటి భాగాలు అదురుతాయి. ఆ చప్పుడే గురక.

దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడు ఆగిపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది కానీ గాలి లోపలికి పోదు. పది సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం, ఇంకా ఎక్కువ కూడా. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కదిలిస్తుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది. తాను లేచిన సంగతి ఆ మనిషికి తెలియనే తెలియదు. దీన్నే స్లీప్ అప్నియా అంటారు. ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకు 5 నుంచి 15 సార్లు జరిగితే స్వల్పం, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి ఎవరో గొంతు నొక్కి వదిలినట్టు. రాత్రంతా ఇలా జరిగితే తెల్లారేసరికి తలనొప్పి, పగలంతా మత్తు, మతిమరుపు, చిరాకు. ఏళ్ల తరబడి సాగితే మందులకు లొంగని రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి.

ఇది ఎక్కడో పెద్ద దేశాల జబ్బు కాదు. పనిచేసే వయసులో ఉన్న భారతీయుల్లో సుమారు 10.4 కోట్ల మందికి ఇది ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో అంచనా వేశారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో మన తెలుగువాళ్లకు కూడా దగ్గరైన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు, ఆయనకు ఈ జబ్బు ఉందని వైద్యులు చెప్పాకే చాలామంది దీని పేరు మొదటిసారి విన్నారు.

దీనికి బలమైన వైద్యం సీపాప్ యంత్రం. ముక్కుకు మాస్కు తగిలించి, సన్నని ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన కాలిన్ సల్లివాన్ 1981లో దీన్ని లోకానికి చూపారు. తీవ్రమైన జబ్బుకు ఇప్పటికీ మొదట చెప్పేది ఇదే. కానీ దీని ధర పదుల వేలల్లో ఉంటుంది, కరెంటు కావాలి. మాస్కు పెట్టుకొని పడుకోలేక కొన్నాళ్లకే అటక మీద పెట్టేసేవారు చాలామంది. అటక మీది యంత్రం ఎవరికీ ఊపిరి ఇవ్వదు.

ఇక్కడే పళ్ల డాక్టరు పాత్ర వస్తుంది. గురకకూ పళ్లకూ సంబంధమేమిటంటారా? ఒకసారి మీరే చేసి చూడండి. నోరు కొద్దిగా తెరిచి గురక చప్పుడు చేయండి. సిగ్గుపడకండి, అందరూ చేస్తున్నారు. ఇప్పుడు కింది దవడను ముందుకు జరిపి, కింది పళ్లు పై పళ్ల కంటే ముందుకు వచ్చేలా పెట్టి, మళ్లీ అదే చప్పుడు చేయండి. కష్టమైంది కదూ! నాలుకను కదిలించే పెద్ద కండరం గడ్డం ఎముక లోపలి వైపు అతుక్కొని ఉంటుంది. దవడ ముందుకొస్తే నాలుకా ముందుకొస్తుంది, వెనక దారి తెరుచుకుంటుంది. స్పృహ లేని మనిషికి ఊపిరి ఆడటానికి డాక్టర్లు దవడ ఎత్తి పట్టుకునేదీ ఇందుకే.

ఈ సూత్రంతోనే పళ్ల డాక్టర్లు ఒక సాధనం తయారుచేస్తారు. కట్టుడు పళ్లకు తీసినట్టే పై పళ్లకూ కింది పళ్లకూ అచ్చు తీసి, రెండు తొడుగులు చేసి, కింది దవడ కొన్ని మిల్లీమీటర్లు ముందుకు ఉండేలా కలుపుతారు. రాత్రి పెట్టుకొని పొద్దున తీసి కడిగేయడమే. చప్పుడు లేదు, కరెంటు అక్కర్లేదు, ప్రయాణంలో జేబులో పడుతుంది. దవడను ఎంత ముందుకు జరపాలో వారాల తరబడి కొద్దికొద్దిగా సరిచేస్తారు. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం, పళ్ల వైద్యుల సంఘం కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సీపాప్ భరించలేనివారికీ, వేరే మార్గం కావాలనుకునేవారికీ, జబ్బు లేని ఉత్త గురకకూ ఈ సాధనాన్ని సూచించాయి. ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో సీపాప్‌దే పైచేయి. కానీ నోటి సాధనాన్ని జనం ఎక్కువ గంటలు, ఎక్కువ రోజులు వాడతారు. అందుకే స్వల్ప, మధ్యస్థ జబ్బుల్లో అది అక్కరకు వస్తుంది.

అయితే మూడు జాగ్రత్తలు. మొదటిది, పరీక్ష లేకుండా సాధనం వద్దు. రాత్రి నిద్రలో చేసే స్లీప్ టెస్ట్ చూసి, జబ్బు ఉందో లేదో, ఎంత ఉందో చెప్పవలసింది వైద్యుడు. సాధనం చేయవలసింది పళ్ల డాక్టరు. ఇద్దరూ కలిసి పనిచేయాలి. సాధనం పెట్టాక మళ్లీ పరీక్ష చేయించాలి. ఎందుకంటే గురక తగ్గినా లోపల ఊపిరి ఆగడం మిగిలి ఉండవచ్చు. చప్పుడు ఆగినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. రెండోది, వేడినీళ్లలో ముంచి కొరికి పెట్టుకునే రెడీమేడ్ తొడుగులు కొని సొంత వైద్యం చేసుకోకండి. మూడోది, ఇది అందరికీ సరిపడదు. సరిపడా గట్టి పళ్లు ఉండాలి, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు నయం చేయించాలి. మొదట్లో చొంగ కారడం, పొద్దున దవడ నొప్పి ఉండవచ్చు. ఏళ్లు గడిస్తే పళ్ల వరుస కొద్దిగా మారవచ్చు. కనుక డాక్టరుకు చూపించుకుంటూనే ఉండాలి. వీటితోపాటు బరువు తగ్గడం, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు మానడం ఎవరికైనా మేలు చేస్తాయి.

పిల్లల సంగతి ఒక్క మాట చెప్పకపోతే నేను టీచర్నే కాదు. రోజూ గురక పెట్టే పిల్లవాడు, నోరు తెరుచుకొని నిద్రపోయే పిల్ల తరగతిలో కునుకుతారు, లేదా కుదురుగా కూర్చోరు. మొద్దు అని, అల్లరి అని పేరు పడుతుంది. తరచూ కారణం పెరిగిన టాన్సిల్స్, ముక్కు వెనక పెరిగిన అడినాయిడ్స్. బెత్తం చూపేముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. అంగిలి ఇరుకుగా ఉంటే పళ్ల డాక్టరు కూడా సాయపడగలడు.

దాతలకు నా విన్నపం ఇది. మనలో లారీ, బస్సు, ఆటో నడిపి ఇల్లు నడిపేవారు ఎందరో. వాళ్ల కునుకు వాళ్ల ఒక్కరి ప్రాణంతో పోదు. కెనడాలోని టొరంటో వైద్యులు 2008లో ఎనిమిది ప్రశ్నలు తయారుచేశారు. గట్టిగా గురక ఉందా, పగలు అలసటా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, రక్తపోటు ఉందా, బరువెంత, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. వీటిలో మూడు కలిస్తే అనుమానించాలి, అయిదు కలిస్తే అసలు ఆలస్యం చేయకూడదు. ఉచిత దంత శిబిరం పెట్టినప్పుడు ఒక టేపు, ఈ ప్రశ్నల కాగితం బల్ల మీద ఉంటే చాలు. అనుమానం ఉన్న పేద డ్రైవరుకు స్లీప్ టెస్ట్ ఖర్చు భరిస్తే, మీరు కాపాడేది ఒక్క కుటుంబాన్ని కాదు, ఆ బండిలో ఎక్కినవారందరినీ.

చివరిగా అక్కలకు, చెల్లెళ్లకు, అమ్మలకు. ఈ జబ్బును మొదట కనిపెట్టేది మీరే, ఎందుకంటే పడుకున్నవారికి తెలియదు. ఈ రాత్రి మీ ఇంట్లో గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం వస్తే లెక్కపెట్టండి. పది దాటాక పెద్ద శబ్దంతో ఊపిరి వచ్చి, మళ్లీ మళ్లీ అలాగే జరుగుతుంటే నవ్వి ఊరుకోకండి. ఫోన్‌లో రికార్డు చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ‘నాకేం గురక లేదు’ అనే పెద్దమనుషులు వాళ్లది వాళ్లు విన్నాక లేచి బయల్దేరతారు. మీ స్త్రీలకు కూడా ఈ జబ్బు వస్తుంది, ముఖ్యంగా నెలసరి ఆగిన తర్వాత. మీ అలసటను ఇంటి చాకిరీ ఖాతాలో వేసేయకండి.