తాతల గడ్డ మీద మనుమల కొలువు
(ప్రసంగ పాఠం)



వలస పోయినోళ్ల గురించి మనం చానా మాట్లాడుకున్నం. బొంబాయి బస్సులు, భివండి మగ్గాలు, దుబాయి వీసాలు మనకు కొత్త గావు. కాని వలస పోయినోళ్ల పిల్లలు మళ్ల తాతల గడ్డకు కొలువు కోసం వస్తే ఏమైతది? ఇయ్యాల అది మాట్లాడుకుందం. జపాన్‌ల జరిగిన కథ చెప్త. వింటుంటే అది మన కథే అనిపిస్తది.

1908ల కసాటో మారు అనే ఓడ కోబె రేవు నుంచి బయల్దేరి బ్రెజిల్‌ల సాంటోస్ రేవుకు చేరింది. అండ్ల 781 మంది వలస కూలీలు. జపాన్ పల్లెలల్ల పేదరికం, బ్రెజిల్ కాఫీ తోటలల్ల మనుషుల కొరత. నాలుగు పైసలు ఎనకేసుకొని తిరిగొద్దామనే పోయిండ్రు. ఆ తర్వాత ఇంకెన్నో ఓడలు పోయినయి. చానామంది తిరిగి రాలే. అక్కడ్నే భూములు కొన్నరు, పిల్లల్ని సదివించిండ్రు. 1938ల బ్రెజిల్ సర్కారు విదేశీ భాషల బడుల మీద వేటు వేసింది. మనుమల కాలానికి ముఖం జపానుది, నోట్లె మాట పోర్చుగీసుది.

1980ల చివరికి లెక్క తిరగబడ్డది. బ్రెజిల్‌ల ధరలు పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. జపాన్ కార్ఖానాలకేమో పనోళ్లు దొరుకుతలేరు. 1990ల జపాన్ తన వలస చట్టాన్ని మార్చింది. జపాన్ నుంచి పోయినోళ్ల మూడో తరం దాక రావచ్చు, ఏ పనైనా చేసుకోవచ్చన్నది. మన రక్తమే గద, మనల కలిసిపోతరు అనుకున్నరు.

వచ్చినోళ్లల్ల సదువుకున్నోళ్లు, ఆఫీసు కొలువులు చేసినోళ్లు ఉన్నరు. ఇక్కడ దొరికిన కొలువు ఏంది? హమమత్సు, ఓయిజుమి లాంటి పట్నాలల్ల కారు విడిభాగాల పని, అదీ చానామందికి కాంట్రాక్టర్ కిందనే. జీతం అక్కడికంటె ఎక్కువ. గౌరవం మాత్రం తక్కువ. బ్రెజిల్‌ల ఉన్నన్ని దినాలు వాళ్లను జపానోళ్లు అన్నరు. జపాన్‌ల దిగినంక 'గైజిన్' అన్నరు, అంటే పరాయోళ్లు అని. తాతల గడ్డ వాళ్ల చేతులను గుర్తుపట్టింది గని మనుషులను గుర్తుపట్టలే.

2007 నాటికి జపాన్‌ల బ్రెజిల్ పౌరులు 3 లక్షలు దాటిండ్రు. 2008ల ప్రపంచ మాంద్యం వచ్చింది. మొదట పోయినయి కాంట్రాక్టు కొలువులే. 2009ల సర్కారు ఒక పథకం పెట్టింది. కొలువు పోయినోళ్లకు 3 లక్షల యెన్లు, ఇంట్ల ఒక్కొక్కరికి 2 లక్షల యెన్లు ఇస్తం, వాపస్ పొండ్రి అన్నది. షరతు ఏందంటే, అదే వీసా మీద మళ్ల రావద్దు. 20 వేల మందికి పైగా ఆ పైసలు తీసుకొని పోయిండ్రు. రక్తం చూసి పిలిచిన గడ్డనే టికెట్ ఇచ్చి తోలింది.

ఇగ పిల్లల సంగతి. జపాన్‌ల నిర్బంధ విద్య అక్కడి పౌరులకే వర్తిస్తది. విదేశీ పిల్లలు అడిగితే బడిల చేర్చుకుంటరు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే చట్టం లేదు. ఆ పిల్లల సదువు సంగతి చూడాలని 2001ల హమమత్సుల పట్నాలన్ని కూడి డిమాండ్ చేసినయి. 2019ల జపాన్ విద్యాశాఖ సర్వే చేస్తే, అన్ని దేశాల పిల్లలు కలిపి దాదాపు 20 వేల మంది బడిల లేనట్టే అనిపించింది. 2018ల నాలుగో తరానికి వీసా ఇచ్చిండ్రు గని దానికి జపాన్ భాష రావాలన్నరు, కుటుంబాన్ని తేవద్దన్నరు. 1990ల అడగని భాష 28 ఏండ్లకు గుర్తుకొచ్చింది!

మరి నిలదొక్కుకున్నది ఎవరు? అక్కడి బడిల అక్కడి భాషల సదువుకున్న పిల్లలు. తాత పేరు తలుపు తీస్తది గని లోపల కుర్చీ వేసేది బడి.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. 2006ల మన హైదరాబాద్‌లనే ప్రవాసీ భారతీయ దివస్ సభల మొదటి ఓసీఐ కార్డులు ఇచ్చిండ్రు. ఆ కార్డుతోని అమెరికాల పుట్టిన పిల్ల ఇక్కడ కంపెనీ కొలువు చేయొచ్చు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనరాదు. 2021 నుంచి జర్నలిజానికి, పరిశోధనకు ప్రత్యేక అనుమతి కావాలన్నరు.

భివండిల పుట్టిన మన మగ్గపోళ్ల పిల్లకు ఏ కార్డూ అక్కర్లేదు. ఆమె ఈ దేశపు పౌరురాలే. కాని తాతల ఊరికొచ్చి సర్కారు కొలువు అడిగితే? 1975 రాష్ట్రపతి ఉత్తర్వులల్ల గాని, 2018 ఉత్తర్వులల్ల గాని స్థానికతకు ముఖ్యంగ చూసేది ఏడ సదివినవనే గని నీ తాతది ఏ ఊరని కాదు. జపాన్ తాతను చూసి బడిని మరిచింది. మనం బడిని చూసి తాతను మరుస్తున్నం.

ఆ నియమం తియ్యమని నేను అంటలేను. దాని కోసం ఎంత కొట్లాడినమో నాకు ఎరుకే, ఆ కొట్లాటల నేనూ ఉన్న. నేను అడిగేది వేరే. కరువుకు పోయినోళ్ల బిడ్డ ఆరో తరగతి నడుమల తిరిగొస్తే, మరాఠీల సదివిన ఆ బిడ్డకు తెలుగు నేర్పే సారు మన బడిల ఉన్నడా? ఉపాధ్యాయ మిత్రులు చెప్పాలె. టీసీ కాయితం సరిగ లేదని ఆఫీసు మెట్ల కాన్నుంచి తిప్పిపంపకుండ, ఇంకో దారి ఉన్నదని చెప్పే గుమస్తా ఉన్నడా? ఉద్యోగ మిత్రులు చెప్పాలె.

పోయేటప్పుడు ఆపలేకపోయినం. వచ్చేటప్పుడన్న ఎవలి బిడ్డవని అడిగి ఊరుకోకుండ, ఏం సదువుతవు బిడ్డా అని అడుగుదాం.

సెలవు.