ఎండ వాకిట్లో ఏ పూలచెట్టు?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. చెట్టు గురించి మాట్లాడుకుందాం.

కామవరపుకోటలో మా ఇల్లు పడమర ముఖం. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఇంట్లో ఉండేది అమ్మా నాన్నే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. రోజూ బిందెలు మోయించే మొక్క వద్దు. ఇదీ నా రిక్వైర్‌మెంట్.

అమ్మ ఓటు తురాయికి. నిజమే, మే నెలలో తురాయి అందం ఇంకే చెట్టుకీ రాదు. కానీ కొమ్మ పెళుసు, వేర్లు పైపైనే పాకుతాయి. మనకేమో అక్టోబర్, నవంబర్ వస్తే తుఫాను భయం. రేకుల వరండా పక్కన తురాయి అంటే నేనొప్పుకోను. చెరువు గట్టు మీద వేసుకోండి, బాగుంటుంది.

నాన్న గన్నేరు వేద్దామన్నారు. మేకలు కూడా ముట్టవు కదా అని. ఎందుకు ముట్టవంటే, ఆకు నుంచి గింజ దాకా విషం! పచ్చగన్నేరూ అంతే. సెలవులకి అక్క పిల్లలొస్తారు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు. కాబట్టి అదీ కట్.

మిగిలినవి రేల, దేవగన్నేరు. రేల మన అడవి చెట్టే, ఎర్రనేలలో హాయిగా పెరుగుతుంది, ఎండాకాలం పసుపు గుత్తులు వేలాడతాయి. కాకపోతే గింజ నుంచి పెంచితే పువ్వు చూడ్డానికి ఏళ్లు పడుతుంది. దాన్ని పెరటి మూలకి పంపేశా.

గుమ్మం ముందుకి దేవగన్నేరు. "అది గుళ్లో చెట్టు కదరా, ఇంట్లో ఎందుకు?" అంది అమ్మ. "పూజకి పువ్వులు ఇంట్లోనే కోసుకోవచ్చు, వీధి చివరిదాకా నడవక్కర్లేదు" అన్నాను. ఆలోచనలో పడింది, అంటే సగం ఒప్పుకున్నట్టే!

కొమ్మ నాటితే చాలు. అడుగున్నర కొమ్మ కోసి, వారం రోజులు నీడలో ఉంచి, పాలు ఆరాక నాటాలి. పచ్చిగా పెడితే కుళ్లిపోతుంది. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి. మొదటి రెండు వేసవులు వారానికి రెండు బకెట్లు, తర్వాత దాదాపు వానే చూసుకుంటుంది. చలికాలం ఆకులన్నీ రాలిపోతే చచ్చిపోయిందని పీకేయకండి బాబూ!

దీనికి పడనిది ఒక్కటే, మొదట్లో నీళ్లు నిలవడం. మా మెట్టలో ఆ గొడవ లేదు. కైకలూరు, కొల్లేరు వైపు నల్లనేల ఫ్రెండ్స్ మాత్రం మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. అంత ఓపిక లేకపోతే కానుగ వేసుకోండి, తడి తట్టుకుంటుంది, నీడ కూడా చిక్కగా ఉంటుంది.

కడియం నర్సరీల నుంచి కవర్ మొక్క తెచ్చుకుంటే ఆరబెట్టే పని లేదు. "దేవగన్నేరు" అని పూర్తి పేరు చెప్పి అడగండి. వేర్లు కవర్ లోపల గుండ్రంగా చుట్టుకుపోయాయేమో చూసి, అప్పుడు ఫోన్‌పే కొట్టండి.