వేసవి సెలవులలో పిల్లలతో కాలువ వెంట



వేసవి వచ్చినదనగానే పట్టణములలో నున్న కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు పిల్లలను వెంటబెట్టుకొని స్వగ్రామములకు వచ్చుట మనలో చిరకాలముగా నున్న వాడుక. మామిడిపండ్లు, తాటిముంజెలు, ఆరుబయట పడకలు, తాతగారి కథలు - ఇవి యొకనాటి పిల్లలకు చాలియుండెను. నేటి పిల్లలకు చాలుట లేదు. వచ్చిన రెండవనాడే "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" అని యడుగుచున్నారు. సమాధానము దొరకనిచో ఫోను చేతబట్టుకొని యొక మూల కూర్చుండుచున్నారు.

ఈ ప్రశ్నకు సమాధానముగా కొందరు తలిదండ్రులు పిల్లలను ఊటీకో, అరకులోయకో తీసికొనిపోవుచున్నారు. శక్తి గలవారు పోవుట మంచిదే. గాని పిల్లలు పట్టుమని పదేండ్లయినను నిండనివారైనపుడు, దూరప్రయాణములో వారికి మిగులునది బడలిక. పెద్దలకు మిగులునది ఖర్చు. నేను నేడు మనవి చేయదలచినది వేరొక మార్గము. దూరమును బట్టి కాక, ఒక ప్రశ్నను బట్టి ప్రయాణములు చేయవచ్చును. ఆ ప్రయాణములలో ఇంటి పెద్దను ముందు నడువనీయవలెను. గత వేసవిలో మా యింట నిట్లే జరిగినది గనుక, విన్నమాటగా గాక చూచినమాటగా చెప్పుచున్నాను.

నేను హైదరాబాదులో ఉపాధ్యాయినిని. నేను పుట్టినది బావులును చెరువులును నమ్ముకొన్న మెట్టప్రాంతము. మెట్టినది కోనసీమలో వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ నున్న యొక గ్రామము. అచట మా అత్తగారు ఒంటరిగా నున్నారు. ఒక పెంకుటిల్లు, రెండెకరముల వరిచేను, పది పన్నెండు కొబ్బరిచెట్లు. వీనిని చూచువారు లేరు గనుక అమ్మివేసి ఆమెను పట్టణమునకు తెచ్చుకొందుమా యను మాట ఇంట తరచుగా వినబడుచున్న సంవత్సరమది. ఆమె ఆ మాటకు ఔననలేదు, కాదనలేదు. తొమ్మిదేండ్ల ఆడపిల్లను, అయిదేండ్ల మగపిల్లవానిని వెంటబెట్టుకొని ఏప్రిలు కడపట నేను నరసాపురము రైలెక్కితిని.

మొదటి ప్రయాణము కాలినడకనే జరిగినది. ఊరి కాలువ గట్టునకు పోతిమి. కాలువలో నీరు లేదు. అడుగున బురద, అక్కడక్కడ గుర్రపుడెక్క, పగిలిన సీసాలు, ప్లాస్టిక్ సంచులు. "నాయనమ్మా, నీళ్ళెక్కడికి పోయాయి?" అని పెద్దది అడిగినది. "ఎక్కడికీ పోలేదమ్మా, పైన కట్టేశారు" అని అత్తగారు చెప్పినారు. "పైనంటే ఎక్కడ?" అని చిన్నవాడు ఆకాశమువైపు చూచినాడు. అదియే మా వేసవికి ప్రశ్న అయినది.

దాళ్వా పంట కోతకు వచ్చిన తరువాత, నదిలో నీరు తగ్గిన యీ దినములలో, లాకుల మరమ్మతులకును పూడిక తీయుటకును కాలువలు కట్టివేయుదురు. కట్టుటకు ముందే ఊరి మంచినీటి చెరువును నింపుకొందురు. సముద్రమునకు చేరువనున్న యీ లంకలలో పెక్కుచోట్ల భూగర్భజలము ఉప్పన. కావున ఆ చెరువులోని నీటితోనే ఊరంతయు వేసవి గడపవలెను. ఇదంతయు మీకు తెలిసినదే. గాని కొళాయి త్రిప్పిన నీరు వచ్చుటయే యెరిగిన పిల్లలకు, ఒక ఊరి నీరంతయు కంటియెదుట నొక చెరువులో నిలిచియుండుట గొప్ప వింత. ఆ సాయంకాలము చిన్నవాడు చెరువులో రాయి వేయబోగా అక్క చేయి పట్టుకొన్నది. నేను చెప్పవలసిన పని లేకపోయినది.

రెండవ ప్రయాణము పి. గన్నవరమునకు. అచట వైనతేయ మీదుగా కాలువను దాటించు అక్విడక్టు కలదు. నది క్రింద పారును. కాలువ దానిపైన పారును. నలువది తొమ్మిది కమానులతో కట్టిన పాత అక్విడక్టు 1850వ దశకపు తొలినాళ్ళలో, హేగ్ అను సైనిక ఇంజనీరు ఆధ్వర్యమున నిర్మింపబడినది. దాని పనిని తరువాత నొక కొత్త అక్విడక్టు చేపట్టినది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె 1841లో జన్మించి, 1909లో కాలధర్మము చెందిన గృహిణి. దారిన పోవువారికి జీవితాంతము అన్నము పెట్టి పేరు గాంచిన తల్లి. నీటిని మోయు కట్టడమునకు అన్నము పెట్టిన తల్లి పేరుండుట ఎంతయు తగియున్నది.

మేము పోయినపుడు క్రింద ఇసుకతిన్నెల నడుమ సన్ననిపాయ. పైన కాలువలో అడుగుబురద. "నది దగ్గరే ఉంది కదా, ఆ నీళ్ళే తోడుకోవచ్చుగా?" అని పెద్దది అడిగినది. మెట్టప్రాంతమువాని బిడ్డ అడుగదగిన ప్రశ్నయే. నాకును ఆ సందేహము కలిగినది. వేసవిలో నదిలో ప్రవాహము తగ్గగనే సముద్రపు ఉప్పు పాయలలో పైకి ఎగదన్నుననియు, అందుచేతనే ఎగువనున్న తీయనినీటిని ఎత్తుమీదుగా తేవలసివచ్చెననియు అత్తగారు ఇసుకలో వ్రేలితో గీసి చూపినారు. ఆమె అయిదవ తరగతితో చదువు చాలించినవారు. ఆనాడు ఆ యిసుకమీద నేనును విద్యార్థినినే యైతిని.

మూడవ ప్రయాణము దూరమైనది. రావులపాలెము మీదుగా ఆత్రేయపురము, బొబ్బర్లంక, ధవళేశ్వరము. వేకువజామున బయలుదేరి పొద్దెక్కకముందే ఆత్రేయపురము చేరితిమి. బోర్లించిన కుండ అడుగున, తడిపిన గుడ్డతో పలుచని బియ్యపుపిండిని ఒక్కసారి పూసి తీయగనే పట్టుపొరవంటి రేకు లేచివచ్చుచుండగా పిల్లలు కన్నార్పక చూచిరి. పూతరేకులు తిన్న పిల్లలు కోట్లకొలది యుందురు. అవి పుట్టుట చూచినవారు కొందరే.

బొబ్బర్లంక వద్ద మధ్యడెల్టా కాలువ తల కలదు. "మన కాలువ ఇక్కడ పుట్టిందన్నమాట" అని పెద్దది చెప్పినది. అచటినుండి ధవళేశ్వరము పాయమీద తలుపులు లెక్కించుచు నడచితిమి. ఈ పాయమీద డెబ్బది. నాలుగు పాయలమీదను కలిపి నూట డెబ్బదియైదు. చిన్నవాడు ముప్పదివద్ద లెక్క తప్పి, నాయనమ్మ చంకనెక్కి, మరల నొకటినుండి మొదలుపెట్టినాడు.

కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. ఇప్పటి బ్యారేజి 1970లో మొదలై 1982నాటికి ముగిసినది. కాటన్ పేరిట నున్న ప్రదర్శనశాలలో నమూనాలు, పాతకాలపు పనిముట్లు చూచితిమి. 1832-33 నాటి కరవు, 1839 నాటి తుపాను ఈ జిల్లాను ఎట్లు పాడుచేసినవో, ధవళేశ్వరము కొండరాతిని తెచ్చి నదిని ఎట్లు ఆపిరో, పనివారిని సమకూర్చి వీణెం వీరన్న కాటన్‌కు ఎట్లు అండగా నిలిచెనో నాకు తెలిసినంతవరకు చెప్పితిని. పిల్లలు మర్యాదకు విన్నారు.

అప్పుడు అత్తగారు తలుపుల వైపు చూపి, "ఎనభయ్యారులో ఇవన్నీ ఎత్తేసినా నీళ్ళు ఆగలేదర్రా" అన్నారు. పిల్లలిద్దరును ఆమె చెంత చేరిరి. 1986 ఆగస్టు వరదలో ఇచట 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. ఆ లెక్క నేను పుస్తకమున చదివినది. గట్టుమీద గొడ్లతో రెండురాత్రులు కూర్చున్నదియు, చంకలోని పసివానికి తన పైటచెరగు తడిపి కప్పినదియు, తెల్లవారి తమ యింటి పెంకులు మాత్రము నీటిపై కనబడినదియు ఆమె చెప్పినారు. "ఆ పసివాడు ఎవరు?" అని చిన్నవాడడిగినాడు. "మీ నాన్నే." ఆపైన పావుగంటసేపు మా పిల్లలు మాటాడలేదు. నేను చెప్పిన వంద సంవత్సరముల చరిత్రకంటె ఆ యొక్కమాట వారికి గోదావరిని దగ్గర చేసినది.

పెద్దలారా, నా ప్రసంగములోని ముఖ్యవిషయ మిదియే. ఊళ్ళు, కట్టడములు, సంవత్సరములు మావంటివారు పుస్తకము చూచి చెప్పగలరు. ఆ వరదలో చంకలోనున్న బిడ్డ ఎవరో చెప్పగలవారు మీరే. మీరు ఇంటివద్ద నుండి పిల్లలను మాత్రము పంపినచో, వారు చూచివచ్చునది రాయియు సిమెంటును మాత్రమే.

నాలుగవ ప్రయాణము నీటికొసకు. సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి వసిష్ఠ దాటి నరసాపురము పోయి, అదే పంటుమీద వెనుకకు వచ్చితిమి. పిల్లల కోరికతప్ప దానికి వేరుపని లేదు. అటుపిమ్మట అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనము చేసికొని, నది సముద్రమున కలియు అన్నాచెల్లెళ్ళ గట్టువద్దకు పోతిమి. చిన్నవాడు చేతితో నీరు ముట్టి నాలుకకు రాచుకొని, "ఉప్పు! మన నీళ్ళు పాడైపోయాయి" అని మొగము చిట్లించినాడు. "పాడవలేదు నాన్నా, పనైపోయి ఇల్లు చేరాయి" అని అత్తగారన్నారు. ఒడ్డున ఇసుకలో ప్లాస్టిక్ సంచులును, సీసాలును చిక్కుకొనియుండెను. మా కాలువలో చూచినట్టివే. "ఇవికూడా ఇల్లు చేరాయా?" అని పెద్దది అడిగినది. త్ర్యంబకముకడ పుట్టి 1,465 కిలోమీటర్లు నడచివచ్చిన నదికి మనము కట్టి పంపు మూట ఇదియా యని నాకు తోచినది. ఆ ప్రశ్నకు మాలో నెవ్వరును బదులు చెప్పలేదు.

జూను మొదటి వారమున కాలువకు నీరు వదలిరన్న కబురు వచ్చినది. మా ఊరు శివారున నున్నది గనుక నీరు చేరుటకు దినములు పట్టినది. పిల్లలు పూటపూటకు గట్టునకు పోయి చూచివచ్చిరి. ఒకనాటి ఉదయమున ఎఱ్ఱని నీరు ఎండుటాకులను, నురుగును ముందు త్రోసికొనుచు మెల్లగా వచ్చినది. నీటితోపాటు ఇద్దరును గట్టువెంట నడచిరి. "గన్నవరం దాటి వచ్చింది" అని చిన్నవాడు దారిన పోవువారందరికిని చెప్పినాడు. ఆ వారమే మేము హైదరాబాదు మరలితిమి. ఇల్లు అమ్ముదుమా యను మాట అంతటితో తీరినదని చెప్పజాలను. ఆ మాట యాడువారిలో ఇప్పుడు మరి ఇద్దరు చేరిరి. వారి మాట గట్టిగా వినబడుచున్నది.

ఇట్టి ప్రయాణములు చేయదలచువారికి కొన్ని జాగ్రత్తలు మనవి చేయుదును. వేసవిలో తెల్లవారకముందే బయలుదేరి, పదిగంటలలోపల నీడకు చేరవలెను. మరల నాలుగుగంటల తరువాతనే కదలవలెను. దాహమని పిల్లవాడు అడుగువరకు ఆగక, గంటకొకసారియైనను నీరో, ఉప్పువేసిన మజ్జిగయో త్రాగింపవలెను. విరేచనములకై ఓఆర్‌ఎస్ పొట్లములు దగ్గర నుంచుకొనవలెను. ప్యాకెట్టుమీద వ్రాసిన కొలతకు తక్కువ నీరు కలుపరాదు. ఒడలు కాలుచు, మాట తడబడుచు, మగతగానున్న పిల్లవానిని వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒడలు తుడుచుచు, విసరుచు, ఆలసింపక వైద్యునివద్దకు కొనిపోవలెను. స్పృహ సరిగా లేనివానికి నోట నీరు పోయరాదు.

నీటియెడ మరింత భయము కలిగియుండవలెను. ఇసుక తవ్విన గోతులు నదిలో కంటికి కనబడవు. సముద్రసంగమములవద్ద పోటుపాటుల ఒరవడి ఈతగాండ్రను సైతము లాగివేయును. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. పడవ యెక్కినపుడు ఒడ్డునుండియే ప్రతి బిడ్డకును లైఫ్ జాకెట్టు తొడుగవలెను, లేదన్నచో దిగివేయవలెను. పడవవాడు నవ్వినను, తోడివారు విసుగుకొన్నను లెక్కింపరాదు.

ఒక వేసవికి నాలుగైదు ప్రయాణములు చాలును. నడుమ నడుమ విశ్రాంతి యుండవలెను. ఒక్కొక్క ప్రయాణమునకు ఒక్కటే గమ్యము మేలు. మీ ఊర గోదావరి కాలువ లేకపోవచ్చును. కాకతీయులనాటి చెరువుండును, కొండనుండి దిగు వాగుండును, రైలుస్టేషనుండును, పాత సంతబాట యుండును. అది ఎక్కడనుండి వచ్చినది, ఎక్కడికి పోవుచున్నది యని పిల్లలచే అడిగింపుడు. మోకాళ్ళనొప్పి యని వెనుదీయక, ఒక్క పూటయైనను మీరు వెంట నడువుడు. మీరు నడచిన దారి చూపుటకు మీకంటె వేరొకరు లేరు.