పొలాలు విడిచి వచ్చిన లేవీయులు



ఈ రోజు మనం రెండవ దినవృత్తాంతములు 11వ అధ్యాయం 13 నుండి 17 వచనాలు ధ్యానిద్దాం. రాజు ఒక వైపు, దేవుడు ఒక వైపు ఉన్నప్పుడు సేవకులు ఎటు నిలబడాలో ఈ భాగం చెబుతుంది.

సొలొమోను చనిపోయాక ప్రజలు రెహబాము దగ్గరికి వచ్చి, నీ తండ్రి మా మీద మోపిన కాడి తేలిక చేయమని అడిగారు. అది న్యాయమైన కోరిక. రెహబాము పెద్దల ఆలోచన తోసిపుచ్చి, బరువు ఇంకా పెంచుతానన్నాడు. రాజ్యం చీలిపోయింది. ఉత్తరాన యరొబాము రాజయ్యాడు.

యరొబాము మొదట ప్రజల పక్షాన రెహబాము ముందు నిలబడినవాడే. సింహాసనం ఎక్కాక భయం పట్టుకుంది. ప్రజలు బలులు అర్పించడానికి యెరూషలేముకు వెళ్తూ ఉంటే, వాళ్ల మనసు దావీదు ఇంటివైపు తిరిగిపోతుందని లెక్క వేసుకున్నాడు. అందుకే బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలు నిలబెట్టాడు. అంత దూరం వెళ్లడం మీకు కష్టమని ప్రజలతో అన్నాడు. మాట ప్రజల సౌకర్యం గురించి, ఆలోచన తన కుర్చీ గురించి. లేవీయులను యాజక సేవ నుండి తొలగించాడు.

లేవీయులకు మిగతా గోత్రాల్లాగా భూభాగం లేదు. దేశమంతటా 48 పట్టణాలు, వాటి చుట్టూ మేత పొలాలు, అంతే. అదే వాళ్ల జీవనాధారం. ఉత్తరాన ఉన్న లేవీయులు దాన్ని కూడా విడిచి యూదాకు వచ్చేశారు. వాళ్లను చూసి, దేవుణ్ణి వెదకాలని మనసు నిలుపుకున్నవాళ్లు అన్ని గోత్రాల నుండీ కదిలారు. సేవకులు ముందు నష్టపోవడానికి సిద్ధపడ్డారు, ప్రజలు వెనుక నడిచారు.

ఇక్కడ మనలో కొందరికి ఒక ప్రశ్న రావచ్చు. లేవీయులు కానివాళ్లను యాజకులుగా చేయడం తప్పా? పుట్టుకను బట్టే సేవ దక్కాలా? క్రీస్తునందు విశ్వాసులందరూ యాజక సమూహమని పేతురు రాశాడు. పుట్టుకతో వచ్చే ఆధిక్యతను మనం ఒప్పుకోం. అయితే యరొబాము తలుపు తెరిచింది పేదల కోసం కాదు. ఒక కోడెను, ఏడు పొట్టేళ్లను తెచ్చినవాడు యాజకుడు కావచ్చని 13వ అధ్యాయం చెబుతోంది. అంటే ఆ పదవికి ఒక వెల ఉంది. ఏమీ లేనివాడికి అక్కడ చోటెక్కడిది?

మరొక సంగతి. లేవీయులు రెహబాము పార్టీలో చేరలేదు. రెహబాము కూడా ప్రజలను పీడించాలనుకున్నవాడే. వాళ్లు వచ్చింది దేవుని ఆరాధన కోసం. వాళ్ల రాక వల్ల యూదా మూడేళ్లు బలపడింది. తరువాత రెహబాము ధర్మశాస్త్రాన్ని విడిచిపెట్టాడు. అప్పుడు షెమయా ప్రవక్త యెరూషలేములోనే, రాజు ఎదుటే, మీరు దేవుణ్ణి విడిచారని చెప్పాడు. ఉత్తరపు రాజుకు ఒక నీతి, మన రాజుకు ఇంకో నీతి అనలేదు.

ఎన్నికలు వచ్చినప్పుడు మన సంఘాలకు నాయకులు వస్తారు. శ్మశాన స్థలం ఇప్పిస్తామంటారు, ప్రహరీ గోడ కట్టిస్తామంటారు. శ్మశాన స్థలం పౌరులుగా మన హక్కు, దాన్ని అడుగుదాం, దానికోసం పోరాడుదాం. కానీ దానికి బదులుగా మన పుల్పిట్ అప్పగించవద్దు. ఏ పార్టీ అయినా, మన కులంవాడే నిలబడినా, పేదవాడి మీద అన్యాయం జరిగితే మాట్లాడే నోరు మనకు మిగిలి ఉండాలి. యౌవనస్థులారా, మీ కాపరులు అలా మాట్లాడి నష్టపోతే వాళ్లను ఒంటరిగా వదలకండి.

రెహబాము అయిదవ ఏట ఐగుప్తు రాజు షీషకు వచ్చి బంగారు డాళ్లు ఎత్తుకుపోయాడు. రెహబాము వాటి స్థానంలో ఇత్తడి డాళ్లు చేయించాడు. రాజు మందిరానికి వెళ్లిన ప్రతిసారీ కాపలావాళ్లు వాటినే మోసుకొచ్చేవారు. బంగారం పోయినా ఊరేగింపు మాత్రం ఆగలేదు. మన ఆరాధన అలాంటి ఊరేగింపుగా మిగిలిపోకుండా ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.