పొరుగువాని మతమును గూర్చి మనమిచ్చు సాక్ష్యము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వివిధ మతముల పుట్టుకను, నమ్మకములను పోల్చి చెప్పుమని పెద్దలు మమ్మును కోరిరి. ఒక్క మతమును బాగుగా చదువుటకే ఒక జీవితకాలము చాలదు. కనుక అన్నిటిని గూర్చి కొంచెము కొంచెము చెప్పుటకంటె, మతములను ఎట్లు పోల్చవలెనను ఒక్క సంగతిని కొన్ని ఉదాహరణములతో మీ యెదుట ఉంచదలచితిమి.

మన యౌవనస్థులు తరచుగా రెండు మాటలు వినుచుందురు. కాలేజీలోను ఆఫీసులోను స్నేహితులు, "అన్ని మతములు చెప్పునది ఒక్కటే గదా" అందురు. కొన్ని కూటములలో, "మనది తప్ప మిగిలినవన్నియు చీకటియే, వాటిని తెలిసికొన నక్కరలేదు" అందురు. ఈ రెండు మాటలు ఒకదానికొకటి విరుద్ధముగా కనబడినను, రెండింటిలోను ఒకే లోపమున్నది. పొరుగువాడు ఏమి నమ్ముచున్నాడో అతనినే అడిగి తెలిసికొను శ్రమను రెండును తప్పించుకొనుచున్నవి.

పొరుగువానిని గూర్చి లేనిది కల్పించి చెప్పరాదని పది ఆజ్ఞలలో ఒకటి మనకు నేర్పుచున్నది. ఈ ఆజ్ఞ కోర్టు సాక్ష్యమునకు మాత్రమే గాక, అతని మతమును గూర్చి మనము పలుకు మాటలకును చెందునని మా అభిప్రాయము. అబద్ధ సాక్ష్యము ఎంత హాని చేయునో మన సంఘ చరిత్రయే చెప్పుచున్నది. రోమా సామ్రాజ్యములో ఆది క్రైస్తవులకు గుడి లేదు, విగ్రహము లేదు. కనుక ప్రజలు వారిని నాస్తికులనిరి. ప్రభుభోజనమును గూర్చి చెవిని పడిన మాటలను బట్టి వారు నరమాంసము తిందురని చాటిరి. ఇట్టి నిందలకు జవాబుగా రెండవ శతాబ్దములో జస్టిన్, టెర్టుల్లియన్ వంటి వారు గ్రంథములే వ్రాయవలసి వచ్చెను. మన పూర్వికులకు జరిగిన ఈ అన్యాయమును మనము మరియొకరికి చేయకుందుము గాక.

ఇక మతముల పుట్టుకను చూతము. మనము క్రీస్తును బట్టి క్రైస్తవులమైతిమి గనుక, ప్రతి మతమునకు ఒక స్థాపకుడును ఒక విశ్వాస ప్రమాణమును ఉండునని తలంతుము. హిందూమతమును ఈ కొలతతో కొలువలేము. దానికి స్థాపకుడొకడు లేడు. 'హిందు' అను పేరే సింధునది పేరునుండి పారసీకుల నోట పుట్టినది. వేదములను ప్రమాణముగా నంగీకరించిన ఆచార్యులలోనే భేదములు గలవు. జీవుడు బ్రహ్మము వేరు కాదని శంకరులు, జీవులు భగవంతునికి శరీరమువంటి వారని రామానుజులు, జీవునికి దేవునికి భేదము నిత్యమని మధ్వులు బోధించిరి. అట్లుండగా "హిందువుల నమ్మకమిది" యని ఒక్క వాక్యములో తేల్చివేయుట సరికాదు.

బౌద్ధము వేరొక చోట ప్రారంభమగుచున్నది. క్రీస్తునకు సుమారు అయిదు శతాబ్దముల ముందు గౌతమ బుద్ధుడు లోకమును ఎవరు సృజించిరను ప్రశ్నతో తన బోధను మొదలుపెట్టలేదు. దుఃఖమున్నది, దానికి కారణము తృష్ణ, దానిని అంతము చేయవచ్చును, అందులకు మార్గమున్నది అని బోధించెను. ఈ బోధ మన కృష్ణాతీరమున అమరావతిలోను, నాగార్జునకొండలోను శతాబ్దముల తరబడి వర్ధిల్లినది. జైనులు మహావీరుని స్థాపకుడనరు, 24వ తీర్థంకరుడందురు. అనగా ఆయనకు ముందే మార్గమున్నదని వారి విశ్వాసము. సిక్కు మతమునకు మొదటి గురువు 1469లో జన్మించిన నానక్. పదియవ గురువు గోవింద్ సింగ్ 1708లో మరణించిన తరువాత వారికి మనుష్య గురువు లేడు. గ్రంథసాహెబే గురువు.

యూదులు, క్రైస్తవులు, ముస్లిములు అబ్రాహామును తండ్రిగా తలంతురు. కాని ఒక్క తండ్రిని గూర్చిన కథయే మూడిండ్లలో మూడు విధములుగా వినబడుచున్నది. అర్పణకు కొనిపోబడిన కుమారుడు ఇస్సాకని ఆదికాండము చెప్పుచున్నది. ఇష్మాయేలని అధిక సంఖ్యాకులైన ముస్లిములు నమ్ముదురు. ఆ అర్పణ జ్ఞాపకార్థమే వారికి బక్రీదు. యేసుప్రభువు విషయములోను ఇట్లే. ముస్లిములు ఆయనను ఈసా యని పిలిచి ప్రవక్తగా గౌరవింతురు. ఆయన కన్యక కుమారుడని నమ్ముదురు. ఖురానులో 19వ అధ్యాయమునకు మరియమ్మ పేరే గలదు. ఇది మనలో ఎందరికి తెలియును? అయితే ఆయన దేవుని కుమారుడనుటను వారంగీకరింపరు. ఆయన సిలువపై మరణించెననియు సాధారణముగా నమ్మరు. సిలువ, పునరుత్థానము మన విశ్వాసమునకు పునాదులు. సామ్యమును దాచుట అసత్యమైనట్లే, ఈ భేదమును దాచుటయు అసత్యమే.

మరియొక చిక్కు మాటలలో నున్నది. మన తెలుగు బైబిలును తర్జుమా చేసినవారు ఈ దేశమున వాడుకలో నున్న మాటలనే ఎక్కువగా తీసికొనిరి. మనము నిత్యము పలుకు 'సంఘము' అను మాటను బౌద్ధులు తమ భిక్షువుల సమాజమునకు ఏనాడో వాడిరి. మాట ఒకటైనను భావము వేరు కావచ్చును. క్రొత్తగా జన్మించుటను గూర్చి మనము చెప్పినప్పుడు హిందూ మిత్రుడు పునర్జన్మ యనుకొనును. ఆయన ఉద్దేశించునది మరణానంతరము మరియొక దేహములో పుట్టుట. మనము ఉద్దేశించునది ఈ జీవితములోనే ఆత్మమూలముగా కలుగు మార్పు. 'అవతారము' అనగా వైష్ణవులకు ధర్మరక్షణకై భగవంతుడు పలుమార్లు దిగివచ్చుట. మనకు వాక్యము ఒక్కసారియే శరీరధారియై, పొంతి పిలాతు కాలమున శ్రమపడుట. మాటయొక్క అర్థమును అడుగక వాదించినయెడల ఇద్దరును రెండు వేర్వేరు సంగతులను గూర్చి మాటలాడుచుందురు.

ఆచారములును అట్టివే. మనము లెంటు దినములలో ప్రభువు అరణ్యములో గడపిన 40 దినములను తలంచి ఉపవాసముందుము. ముస్లిములు ఖురాను అవతరించిన మాసమని రంజానులో తెల్లవారుజాము మొదలు సూర్యాస్తమయము వరకు నీరైనను ముట్టరు. జైనులు ఆత్మను అంటుకొనిన కర్మ రాలిపోవుటకు ఉపవసింతురు. ఆకలి ఒకటే, కారణములు వేరు. కాని ఆకలిగొన్నవాడు ఆకలిగొన్నవానిని అర్థము చేసికొనగలడు గదా!

భేదములున్నవని ఒప్పుకొనిన తరువాత మనమేమి చేయవలెను? పౌలు ఏథెన్సులో చేసినదానిని చూడుడి. అతడు ముందు ఆ పట్టణమంతయు తిరిగి వారి దేవతాస్థానములను చూచెను. తెలియబడని దేవుని పేరిట వారు కట్టిన బలిపీఠమును గమనించెను. వారి కవులు చెప్పినదానిని ఎత్తి చూపెను. ఆ తరువాతనే పునరుత్థానమును ప్రకటించెను. కొందరు పరిహసించిరి, కొందరు మరల విందుమనిరి, కొందరు నమ్మిరి. అతడు వారిని అవమానపరచలేదు, తన సువార్తను తగ్గించుకొనలేదు.

కనుక మేము మూడు సంగతులను మనవి చేయుచున్నాము. మొదటిది: పొరుగువాడు విని "ఔను, మేము నమ్మునది ఇదే" అనునట్లు అతని మతమును చెప్పగలిగిన తరువాతనే దానిని గూర్చి విమర్శ చేయుదము. రెండవది: మన బోధలోని శ్రేష్ఠమైన దానిని వారి ఆచారములోని హీనమైన దానితో పోల్చకుందము. అంటరానితనమును గూర్చి మాటలాడునప్పుడు, మన సంఘములలో కులము చూచి సంబంధములు కుదుర్చుకొనుటను మరువరాదు. మూడవది: మన విశ్వాసమును మనము మొదట నేర్చుకొందము. సొంత ఇంటి గోడలు తెలియనివాడు పొరుగింటి సరిహద్దును చెప్పలేడు.

ఇది సభలలో చెప్పుకొని మరచిపోవు మాట కాదు. మన కుటుంబములు అనేకములలో అన్న గుడికి, తమ్ముడు చర్చికి పోవుచున్నారు. మన ముత్తవ్వలలో అనేకులు ఈ సంఘములోనికి వచ్చుటకు ముందు మరియొక పేరు తలంచి సాయంత్రము దీపము పెట్టినవారే. మనము ఇతర మతమును గూర్చి నోటికి వచ్చినట్లు పలుకునప్పుడు వారిని గూర్చియే పలుకుచున్నాము. అన్నదమ్ములు పండుగనాడు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయగలుగుటయు, తమ విశ్వాసమును దాచక చెప్పుకొనగలుగుటయు మన నాలుకమీద ఆధారపడియున్నవి. సత్యమును ప్రేమతో పలుకు కృపను దేవుడు మనకందరికిని దయచేయును గాక.